నీకు ఎగ్జిట్ కొట్టేశాను

నాకు అసూయ కాస్త ఎక్కువ. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు గానీ, దాన్ని దాచిపెట్టి ఈ నాలుగు ముక్కలు రాయడం దండగ. చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటకానికి నాకు గొర్రెల కాపరి వేషం ఇచ్చి, మా పక్కింటివాడికి రాజు వేషం ఇచ్చారని జ్వరం తెచ్చుకున్నవాణ్ణి. మా అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, ఇది జ్వరం కాదురా, కడుపుమంట, మజ్జిగ తాగి పడుకో అంది. నలభై ఏడేళ్ళ వయసులో సౌదీలోని అల్ ఖోబర్‌లో మళ్ళీ ఆ మంట వచ్చింది. ఈసారి మజ్జిగకి తగ్గలేదు.

అప్పటికి అల్ ఖోబర్ వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఒక మెయింటెనెన్స్ కంపెనీలో పర్సనెల్ సెక్షన్ గుమాస్తాని. పనివాళ్ళ ఇకామాలు అనే నివాస అనుమతి కార్డులు, సెలవులు, ఎగ్జిట్లు అన్నీ నా బల్ల మీదుగానే వెళ్ళేవి. ఎగ్జిట్ అంటే మనిషిని ఇక తిరిగి రాకుండా స్వదేశానికి పంపించేయడం. సెలవు మీద వెళ్ళొచ్చేదాన్ని మేం ఎవరమూ ఎగ్జిట్ అనేవాళ్ళం కాదు. 'ఫలానావాడికి ఎగ్జిట్ కొట్టారు' అన్న మాట వినబడితే క్యాంపులో అన్నం తింటున్నవాళ్ళు కూడా ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆగిపోయేవారు. నేను కారిడార్‌లో నడిచి వెళ్తుంటే పనివాళ్ళు లేచి నిలబడేవాళ్ళంటే, అది నా మీద ప్రేమతో కాదు, నా చేతిలో ఏ కాగితం ఉందోనన్న భయంతో.

ఆఫీసు దాటితే నాకు వేరే హోదా ఉండేది. మా తెలుగు సంఘం ఏటా ఒక నాటకం వేసేది. ఊరి బయట ఎత్తైన గోడల మధ్య రెండు హాళ్ళూ కొన్ని ఖర్జూరం చెట్లూ ఉండే విడిది ఒకటి శుక్రవారానికి అద్దెకు తీసుకుని, బల్లలు జతచేసి, వాటి మీద తివాచీ పరిస్తే అదే స్టేజి. ఏడేళ్ళ పాటు రచన నాది, దర్శకత్వం నాది, ప్రధాన పాత్ర నాది. బ్యానర్ మీద నా పేరు మూడుసార్లు పడేది. ఇంకోసారి కూడా వేయించుకోండి, 'ప్రేక్షకుడు' అని, అనేది మా ఆవిడ. ఆవిడ అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. పొద్దంతా జబ్బుమనుషుల్ని చూసి వచ్చేది కాబట్టి నన్ను చూసి పెద్దగా కంగారు పడేది కాదు.

కంపెనీలకు రంగులు అంటగట్టే నితాఖత్ అన్న సర్కారు పద్ధతి అప్పటికి కొన్నేళ్ళుగా ఉన్నదే. సౌదీలు తగినంతమంది పనిలో లేని కంపెనీ ఆకుపచ్చ నుంచి పసుపుకీ, పసుపు నుంచి ఎరుపుకీ దిగజారేది. రంగు మారితే ఇకామాలు రెన్యువల్ అయ్యేవి కావు. మా కంపెనీ ఎప్పుడూ పసుపులోనే ఊగులాడుతుండేది. దాని మీద సర్కారు లెవీలు వచ్చిపడ్డాయి. పనివాడి తలకింత, ఇంట్లో ఉన్న భార్యాబిడ్డల తలకింత. మా అపార్ట్‌మెంట్‌లో వారానికొక ఇంట్లో అట్టపెట్టెలకు టేపు చుట్టే చప్పుడు వినిపించేది. మా నాటకం జట్టు పన్నెండుమందిలో ఏడుగురు ఆ టేపు చప్పుళ్ళలోనే వెళ్ళిపోయారు. వచ్చే ఏడు నాటకం ఉంటుందన్న ఆశ ఎవరికీ లేదు. ఇదే చివరిది అన్నాడు సంఘం కార్యదర్శి. ఆయన ఇంజనీరు, కన్నీళ్ళు రాకుండా చెడ్డవార్త చెప్పగల మనిషి.

చివరిదని తెలిశాక నేను నా శక్తంతా పెట్టి రాశాను. కథ గోదావరి మీద పడవ నడిపే సరంగుది. రేవు పక్కన వంతెన వస్తుంది, జనం వంతెన మీదికి పోతారు. మూడో రంగంలో ఖాళీ పడవలో కూర్చుని సరంగు ఏటితో మాట్లాడతాడు. నాది రాజమండ్రి. ఆ మూడో రంగం నాకోసమే రాసుకున్నాను. మిగతా పాత్రలకు మనుషులు చాలక, ఒక గురువారం సాయంత్రం మా కంపెనీ లేబర్ క్యాంపుకి వెళ్ళాను.

మెస్సులో అందరూ తింటున్నారు. నాటకంలో వేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే ఓ పదిమంది తలలు తిప్పి ఒకే మనిషి వైపు చూశారు. యాభై దాటిన మనిషి. తల ఎత్తకుండా పప్పులో రొట్టె ముంచుకుని తింటున్నాడు. జగిత్యాల దగ్గరి వాడనీ, పన్నెండో ఏట నుంచీ యక్షగానం మేళంలో రాజు వేషాలు కట్టినవాడనీ, ఇరవై రెండేళ్ళుగా మొహానికి రంగు ముట్టలేదనీ వాళ్ళే చెప్పారు. ఎందుకు ముట్టలేదు అనడిగితే మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆయనే చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పాడు.

"తాగి పడ్డ సార్. ఆటల నడుమ ఆర్మోనియం మీద పడ్డ. మేళానికి పెద్ద మా అన్ననే. జనం ముంగటనే కాళ్ళ గజ్జెలు ఇప్పిచ్చిండు. ఈ దేశంల మందు దొరకదని ఇని ఈడికొచ్చిన. ఇప్పుడు ముడుతలేను. ఒక్కపారి మొగానికి రంగేసుకొని నలుగురిల నిలవడాలె సార్, అది మా అన్న సూడాలె. గంతె."

ఇకామాలో ఆయన వృత్తి 'పెయింటర్' అని ఉంది. చేసేది టైల్స్ పని. రంగు వేసుకోని పెయింటర్ అన్నమాట అనుకుని లోపల నవ్వుకున్నాను. కాగితంలో ఉన్న పని వేరు, చేస్తున్న పని వేరు అయిన వాళ్ళకి ఆ రోజుల్లో గండమే. తనిఖీలో దొరికితే కంపెనీకీ మనిషికీ కూడా తిప్పలు. అందుకే ఆయన ఇంకో చిన్న కంపెనీ యజమానితో మాట్లాడుకుని, తన కఫాలత్‌ని, అంటే స్పాన్సర్‌షిప్‌ని, అటు మార్పించుకునే ప్రయత్నంలో ఉన్నాడని తర్వాత తెలిసింది. అది ఆకుపచ్చ కంపెనీ, ఖాళీ ఒక్కటే ఉంది.

నేను ఆయనకి సరంగుకి అన్నయ్య వేషం ఇచ్చాను. మొత్తం ఏడు మాటలు. రెండో రంగం మధ్యలో వచ్చి, తమ్ముణ్ణి పడవ అమ్మేయమని చెప్పి వెళ్ళిపోతాడు.

రిహార్సల్స్ మా ఇంట్లోనే. సోఫాలు గోడకి జరిపి, కిటికీ తెరలు మూసి, గొంతులు పక్క ఫ్లాటుకి పోకుండా టీవీ కాస్త పెద్దగా పెట్టి చేసేవాళ్ళం. మా జట్టులో ఒక నియమం ఉండేది. రిహార్సల్లో అడుగుపెట్టాక ఎవరు ఏ ఉద్యోగమైనా సరే అందరూ అందరికీ 'మీరు'. ఆఫీసులో నేను ఆయన్ని 'ఏవయ్యా, నువ్వు' అనేవాణ్ణి. శుక్రవారం మా ఇంట్లో 'మీరు ఇలా నిలబడండి' అనేవాణ్ణి. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో అంటున్నాననుకుని.

ఆ ఏడు మాటలూ ఆయన చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. గొంతు పెంచలేదు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. అంతే చేశాడు. తమ్ముడి వేషంలో ఉన్న నేను నా మాట మర్చిపోయాను. వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది, వెనక్కి కూడా తిరగలేదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో నా నటన చూస్తూ ఆవిడ ఒక్క పాల చుక్క కూడా పొంగనివ్వలేదు.

ఆ మరుసటి శుక్రవారం కార్యదర్శి చల్లగా అన్నాడు, వేషాలు మారిస్తే ఎలా ఉంటుందండీ, సరంగుగా ఆయన, అన్నగా మీరు. అందరూ నా మొహం చూశారు. తప్పకుండా, నాకూ అదే ఆలోచన ఉంది అన్నాను, నవ్వుతూ. ఆ నవ్వుకి నాకు ఏదో ఒక బహుమతి ఇచ్చి ఉండాల్సింది. పోనీ అన్న వేషం ఏం వేస్తాంలే అని, వంతెన కట్టించే ఇంజనీరు వేషం తీసుకున్నాను. దానికి ప్యాంటూ చొక్కా ఇస్త్రీ చేసుకుంటే చాలు.

అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు పట్టేది కాదు. ఆయనకి చదవడం అంతంతమాత్రం కాబట్టి మాటలన్నీ నేను ఫోన్లో చదివి వాయిస్ మెసేజ్‌లుగా పంపేవాణ్ణి. టైల్స్ పరుస్తూ చెవిలో పెట్టుకుని వినేవాడు. రెండు రోజుల్లో తిరిగి నాకే వినిపించేవాడు. అవసరమైనది ఒక్క అక్షరం పోయేది కాదు. పొల్లు మాటలు ఏవైనా పోతే అవి పోవాల్సినవే. నా రాత నాకే కొత్తగా వినబడేది. ఇంతకన్నా అవమానం రాసేవాడికి ఇంకోటి ఉంటుందని నేననుకోను.

తప్పులు వెతకడం మొదలుపెట్టాను. 'పోతున్న' కాదు 'పోతున్నాను', 'ఆడ' కాదు 'అక్కడ'. మా గోదావరి సరంగు అలా మాట్లాడడండీ, మా ఏటి యాస వేరు అన్నాను ఓసారి, అందరి ముందూ. ఆయనకి కోపం రాలేదు.

"గోదారి మాకాడికెళ్ళే వస్తది గద సార్ మీకాడికి" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది ఎత్తిపొడుపు కాదని నాకు తెలుసు, అందుకే ఎక్కువ మండింది. మా ఆవిడ ఆ రోజు ఆయన్ని భోజనానికి ఆపింది. నాకోసం చేసిన చేపల పులుసు డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఆవిడ 'అన్నయ్యా' అనేది, ఆయన 'చెల్లె' అనేవాడు. నన్ను మాత్రం ఇద్దరూ కలిసి 'సారు' అని వెక్కిరించేవాళ్ళు. అంటే వెక్కిరించేది ఆవిడే. ఆయన నిజంగానే అనేవాడు.

నాటకానికి తొమ్మిది రోజులుందనగా, ఒక బుధవారం ఆఫీసులో కూర్చుని మూడో రంగం తిరగరాశాను. సరంగు రెండో రంగం చివరే రేవు వదిలి వెళ్ళిపోతాడు. మూడో రంగంలో వంతెన కట్టిన ఇంజనీరు రేవుకి వచ్చి, ఖాళీ పడవ చూసి, సరంగుని తలుచుకుని మాట్లాడతాడు. మాటలు దాదాపు అవే. నోరు మాత్రం నాది. కథకి ఇదే న్యాయం అని నాకు నేను చాలాసేపు చెప్పుకున్నాను. మా స్క్రిప్టుల్లో పాత్ర స్టేజి మీదికి రావడాన్ని ఎంట్రీ అనీ, వెళ్ళిపోవడాన్ని ఎగ్జిట్ అనీ రాసుకునేవాళ్ళం. మధ్యాహ్నం భోజనాల వేళ ఆయనకి మెసేజ్ పెట్టాను. పని మధ్యలో వింటాడు కాబట్టి పొట్టిగా చెప్పాను.

శుక్రవారం రిహార్సల్‌కి ఆయన రాలేదు. ఫోనుకీ పలకలేదు. అలిగాడనుకున్నాను. ఇంత పెద్దమనిషి ఒక రంగం పోయిందని అలగడమేమిటి అని అందరి ముందూ అన్నాను కూడా. లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆదివారం ఆఫీసుకి వెళ్ళేసరికి నా బల్ల మీద క్యాంపు నుంచి వచ్చిన కాగితాల కట్ట ఉంది. కంపెనీ అంతకుముందే క్యాంపులో నోటీసు పెట్టింది, తమంతట తాము వెళ్ళిపోతామని సంతకం చేసినవాళ్ళకి లెక్క త్వరగా తేల్చి టిక్కెట్ ముందు ఇస్తామని. ఎవరో నలుగురు సంతకాలు పెట్టారు. అయిదో కాగితం మీద వేలిముద్ర. ఉద్యోగి నంబరు చూశాను. ఇకామా నంబరు చూశాను. వృత్తి: పెయింటర్.

ఎందుకు పెట్టాడా అని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పోతున్నాడు, తనంతట తాను పోతున్నాడు, నా చేతికి ఏ పాపమూ అంటలేదు అనుకున్నాను. కంప్యూటర్ తెరిచాను. ఆ నలుగురి కంటే ముందు ఆయనదే కొట్టాను. టిక్కెట్ బుధవారానికి దొరికింది. నాటకం శుక్రవారం. కార్యదర్శికి ఫోన్ చేసి, ఆయనకి ఎగ్జిట్ అయిందట పాపం, సరంగు వేషం ఇక నేనే వేయాలి అన్నాను. 'పాపం' అనేటప్పుడు గొంతు సరిగ్గానే పలికింది.

సోమవారం సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, ఆయన మా ఇంటికి వచ్చాడు. ఉతికిన చొక్కా, చేతిలో మా పులుసు డబ్బా, దాని నిండా ఖర్జూరాలు. మా ఆవిడ ఏదో పండక్కి వచ్చినట్టు ఎదురెళ్ళింది. ఆయన కూర్చోకుండానే నాకు దణ్ణం పెట్టాడు.

"మీ మేలు మర్వ సార్. ముందుగాల మీరే చెప్పుడు మంచిగయింది. లేకుంటె తనిఖీల పట్టుకొని పంపిన్నాడు ఉత్తచేతుల్తోని పోదును. మీరు ఎగ్జిట్ కొట్టిన అనంగనే పోయి ఏలుముద్ర ఏసిన. ఆ కొత్త కఫీలుకు సుత ఫోన్ జేసి చెప్పిన, ఇగ నాకోసం జూడకు, ఇంకొకలను పెట్టుకొమ్మని."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నేను చెప్పింది నాటకంలో ఎగ్జిట్ గురించండీ, రెండో రంగం చివర మీరు వెళ్ళిపోతారని, అన్నాను. అలాగే చెప్పానుగా అన్నాను. ఆయన ఫోన్ తీసి మెసేజ్ వినిపించాడు. మా హాల్లో, మా ఆవిడ ముందు, నా గొంతు వచ్చింది.

"ఏవయ్యా, నీకు ఎగ్జిట్ కొట్టేశాను. ఏమీ అనుకోకు. ఎందుకో తర్వాత చెప్తాను."

అంతే ఉంది. రెండో రంగం లేదు, నాటకం లేదు. రెండో రంగం చివర అని నేను అన్నానని అప్పటిదాకా నాకు నిజంగా గుర్తు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, నన్నే ఓదారుస్తున్నట్టు చెప్పాడు.

"నాటకం సంగతైతె మీరు 'మీకు' అందురు గద సార్. 'నీకు' అన్నరు. గందుకె ఆఫీసు మాట అనుకున్న."

నిజమే, ఆ మెసేజ్ పెట్టేటప్పుడు నేను ఆయన్ని సాటి నటుడిగా అనుకోలేదు. నా కింది పనివాడు అనుకున్నాను. కడుపులో ఉన్నది నాలుక మీదికి వచ్చింది, ఆయన దాన్ని సరిగ్గానే విన్నాడు.

మా ఆవిడ నా వైపు తిరిగి, రద్దు చేయించొచ్చు కదండీ అంది. అది ప్రశ్న కాదు. కిందటేడు వాళ్ళ ఆసుపత్రిలో ఒక నర్సుకి పొరపాటున ఎగ్జిట్ పడితే, మనిషి ఇంకా దేశం దాటలేదు కాబట్టి రద్దు చేయించుకోవచ్చని చెప్పిందీ, ఎవరికి ఎలా అర్జీ పెట్టాలో రాసిచ్చిందీ నేనే. నేను నోరు తెరవబోతుంటే ఆయన అడ్డం వచ్చాడు.

"అది తర్వాత సూతం చెల్లె. ముందు ఆ మూడో రంగం ఒక్కపారి ఆడుత. శుక్రారం దాక నేనుంటనో లేదో. మీరిద్దరు సూస్తె సాలు."

ఒక దుప్పటి అడిగాడు. వాళ్ళ ఆటలో వేషగాడు నేరుగా రాడట, ఇద్దరు తెర పట్టుకుంటే దాని వెనక నుంచి వస్తాడట. మా పడకగదిలోంచి నీలం చారల దుప్పటి తెచ్చి ఒక కొస ఆవిడ పట్టుకుంది, ఇంకో కొస నేను పట్టుకున్నాను. రంగు లేదని, మా ఆవిడ అద్దం ముందున్న పౌడరూ, కాటుకా తీసుకుని మూడు నిమిషాల్లో మొహం దిద్దుకున్నాడు. దుప్పటి వెనక పాదాలు కదులుతున్న చప్పుడు వినబడింది. ముందు తెర మీదుగా ఒక చెయ్యి వచ్చింది. మొద్దుబారిన వేళ్ళు, గోళ్ళ సందుల్లో తెల్ల సిమెంటు. ఆ చెయ్యి దుప్పటి అంచుని కిందికి దించింది.

మా ఆవిడ తన కొస వదిలేసి ఫోన్లో వీడియో పట్టుకుంది. నేను నా కొస పట్టుకునే నిలబడ్డాను, ఎందుకో వదలడం తోచలేదు. మా సెంటర్ టేబుల్ పడవ అయింది. నేను రాసిన మాటలు సగమే చెప్పాడు. మిగతా సగం దగ్గర ఊరికే కూర్చుని చెయ్యి నీళ్ళలో పెట్టినట్టు పెట్టాడు. నేను పేజీ నిండా రాసిన దుఃఖం అక్కడ, ఆ చేతిలో ఉంది. కిటికీ అవతల కారు హారన్లు మోగుతున్నాయి. చివర లేచి, పడవ తాడు విప్పి, దాన్ని జాగ్రత్తగా చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. అది నా స్క్రిప్టులో లేదు. ఇక పడవ కట్టే పని లేదని మాటల్లో చెప్పడానికి నాకు తొమ్మిది వాక్యాలు పట్టాయి.

మా ఆవిడ ఏడుస్తోంది. ఆయన మొహం మీది పౌడరు చెమటకి చారలు కట్టింది. ఇరవై రెండేళ్ళ తర్వాత వేషం కట్టిన మనిషి మొహం ఎలా ఉంటుందో అంత దగ్గర్నుంచి చూశాను. ఒక్కటి నిజం చెప్తాను. ఆయన బాగా చేయకపోయి ఉంటే ఆ ఎగ్జిట్ నేను మర్నాడే రద్దు చేయించేవాణ్ణి. మాట తడబడినా, ఒక్కచోట అతిగా చేసినా చాలు, జాలిపడి చేయించేవాణ్ణి. అలా జరగలేదు.

"రద్దు అవుతుందా సార్?" అన్నాడు, మొహం తుడుచుకుంటూ.

"ఒకసారి కొట్టాక కాదు. సిస్టమ్ ఒప్పుకోదు" అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసింది. ఏదో అనబోయింది. ఆయన అప్పటికే, పోనీ సార్, ఉన్నన్నాళ్ళు ఉన్నం, అంటూ దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాడు. నాలుగు అంచులూ కలిపి, చక్కగా. ఆవిడ దాన్ని అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన వెళ్ళాక ఆవిడ నాతో ఒకే మాట అంది, మంగళవారం ఒక రోజు ఉందండీ ఇంకా, అని. మంగళవారం నేను ఆఫీసుకి వెళ్ళాను, సాయంత్రం దాకా కూర్చున్నాను, వచ్చాను. బుధవారం ఆయన విమానం ఎక్కాడు.

శుక్రవారం నాటకం వేశాం. మూడో రంగం మొదట రాసినట్టే సరంగుకి ఇచ్చేశాను, ఎందుకంటే ఇప్పుడు సరంగుని నేను. మా ఆవిడ రాలేదు, ఎవరితోనో మార్చుకుని డ్యూటీ వేయించుకుంది. హాలు సగమే నిండింది. నేను ఆయన ఆగినచోట ఆగాను. ఆయన చెయ్యి పెట్టినచోట చెయ్యి పెట్టాను. తాడు చుట్టి పక్కన పెట్టాను. ఏడేళ్ళలో ఎప్పుడూ రానన్ని చప్పట్లు వచ్చాయి. కార్యదర్శి స్టేజి మీదికి వచ్చి, మీలో ఇంత ఉందని మాకు తెలియదండీ అన్నాడు. కన్నీళ్ళు రాని ఆ మనిషి కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు మాత్రం ఆ చప్పట్లు ఒక్కటీ నావి అనిపించలేదు. తిరిగి వస్తూ కారులో కూడా ఆయన మీదే అసూయపడ్డాను, ఎక్కడో జగిత్యాల దగ్గర ఇంట్లో ఖాళీగా కూర్చున్న మనిషి మీద.

శనివారం పొద్దున నేనూ మా ఆవిడా కాఫీ తాగుతుంటే ఆయన దగ్గర్నుంచి వీడియో కాల్ వచ్చింది. మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టిన నాటకం చూశాడట. వెనక ఇటుకల గోడ, పక్కన మంచం మీద ముసలాయన ఒకరు. మా అన్న అని చూపించాడు. చెల్లె పంపిన వీడియో మొన్ననే చూపించాడట. అన్న రెండోసారి కూడా చూసి, వచ్చే ఆటకి రాజు వేషం కట్టు అన్నాడట. తర్వాత నా సంగతి ఎత్తుకున్నాడు.

"మస్తు జేసిన్రు సార్. ఆ తాడు సుట్టెకాడ నా కండ్లకెళ్ళి నీళ్ళొచ్చినయి. నాకంటె మంచిగ జేసిన్రు."

అది పొగడ్త కాదు, మర్యాదా కాదు. నిజంగానే అనుకుని అన్నాడు. తన దగ్గర్నుంచి ఎత్తుకున్నదని గుర్తుపట్టకుండా ఉండడు, అయినా అన్నాడు. అలా అనగలిగినందుకు కూడా నాకు ఆయన మీద అసూయ కలిగింది. థాంక్స్ అండీ అన్నాను. ఆరోగ్యం అడిగాను, పని ఏమైనా చూసుకుంటున్నారా అని అడిగాను. ఊళ్ళో ఒక ఇంటికి టైల్స్ పరుస్తున్నానన్నాడు. కాల్ పెట్టేసేముందు ఇంకో మాట అడిగాడు.

"సార్, ఎగ్జిట్ గిట్ల పడ్డంక సుత రద్దయితదట గద. దుబాయ్‌కెళ్ళి వచ్చినోడు ఒకడు ఈడ చెప్పిండు. నాకు నమ్మబుద్ధి కాలే. మా సార్‌కు ఎర్క ఉంటె చెయ్యకుంటె ఉండునా, ఆయనకు ఎర్కలేకుండె కావచ్చు అన్న. గంతే గద సార్?"

మా ఆవిడ కప్పు బల్ల మీద పెట్టి నా మొహం చూస్తోంది.

"అవునండీ, నాకు తెలియదు" అన్నాను.